గ్రీన్ టీ మంచిదే, మీరు తాగే వేళలే మార్చాలి

ప్రశ్న: నాకు 46 ఏళ్లు. మాది విశాఖపట్నం, అక్కయ్యపాలెం. ఎత్తు 5 అడుగుల 2 అంగుళాలు, బరువు 74 కిలోలు. థైరాయిడ్‌కి రోజూ 50 మైక్రోగ్రాముల మాత్ర వేసుకుంటున్నాను. ఆమధ్య రక్త పరీక్షలో హిమోగ్లోబిన్ 9.8 వస్తే ఐరన్ మాత్ర రాశారు, అది టిఫిన్ అయ్యాక వేసుకుంటాను. బెంగుళూరులో ఉద్యోగం చేసే మా అమ్మాయి మూడు నెలల కిందట గ్రీన్ టీ పంపింది. అప్పటి నుంచి రోజుకి మూడుసార్లు తాగే పాల టీ మానేసి, ఇది ఐదారు గ్లాసులు తాగుతున్నాను. పొద్దున్నే థైరాయిడ్ మాత్ర కూడా దీనితోనే. ఆకు నీళ్లలో వేసి బాగా మరిగించి, చేదు తెలియకుండా గ్లాసుకి రెండు చెంచాల తేనె కలుపుతాను. ఇన్ని చేసినా కిలో కూడా తగ్గలేదు. పైగా కడుపులో మంట, రాత్రి నిద్ర పట్టడం లేదు. గ్రీన్ టీ క్యాప్సూల్స్ అయితే త్వరగా పనిచేస్తాయని పక్కింటావిడ అంటున్నారు. మా వారు బీపీ మాత్ర వేసుకుంటారు, ఆయన తాగొచ్చా? అసలు దీనివల్ల మేలుందా, లేదా?
– ఒక పాఠకురాలు

జవాబు: మేలుందమ్మా. కాకపోతే మీరు విన్నంత లేదు. అది ఎంతో చెప్పేముందు మందుల సంగతి చూద్దాం. మీ ఉత్తరంలో అన్నిటికన్నా ముందు సరిచేసుకోవాల్సింది అదే.

థైరాయిడ్ మాత్రని టీతో వేసుకోవడం రేపటి నుంచే ఆపేయండి. ఆ మాత్రలో ఉండేది లీవోథైరాక్సిన్. ఖాళీ కడుపున, మామూలు మంచినీళ్లతో వేసుకుంటేనే పేగులు దాన్ని సరిగ్గా పీల్చుకుంటాయి. కాఫీతో వేసుకుంటే ఒంట్లోకి చేరే మందు తగ్గుతుందని స్పష్టంగా తేలింది, టీ విషయంలోనూ డాక్టర్లు అదే జాగ్రత్త చెబుతారు. మాత్రకీ, కడుపులోకి వెళ్లే మరే పదార్థానికైనా కనీసం అరగంట, కుదిరితే గంట ఎడం ఉండాలి. మందు సరిగ్గా అందకపోతే ఒంట్లో నీరసం, మలబద్ధకం ఉంటాయి, బరువు దిగదు, కొలెస్ట్రాల్ పెరుగుతుంది. అంటే బరువు తగ్గాలని తాగుతున్న టీయే, బరువు తగ్గడానికి సాయపడే మందుకి అడ్డం పడుతూ ఉండవచ్చు. మూడు నెలలుగా ఇలాగే వేసుకుంటున్నారు కాబట్టి ఈ సంగతి మీ డాక్టరుకి తప్పకుండా చెప్పండి. నీళ్లతో వేసుకోవడం మొదలుపెట్టిన ఆరు నుంచి ఎనిమిది వారాలకి టీఎస్‌హెచ్ పరీక్ష, అంటే థైరాయిడ్ పనితీరు చూపే రక్త పరీక్ష, చేయించుకోండి. అంతకన్నా ముందు చేయిస్తే మార్పు పూర్తిగా కనిపించదు. మోతాదు మాత్రం మీ అంతట మీరు పెంచుకోవద్దు.

రెండోది ఐరన్. మీ వయసు ఆడవాళ్లకి హిమోగ్లోబిన్ 12 ఉండాలి. 8 నుంచి 10.9 మధ్య ఉంటే మధ్యరకం రక్తహీనత కింద లెక్క, మీ 9.8 అందులోకే వస్తుంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో సగం మందికి పైగా రక్తహీనత ఉంది. కాబట్టి ఈ మాట మీ ఒక్కరికే కాదు. పాల టీ మాని గ్రీన్ టీకి మారిన ప్రతి ఇంట్లోనూ ఆడవాళ్లు వినాల్సిన మాట. తోటకూర, మునగాకు, పప్పులు, చోళ్లు, వీటన్నిటిలోని ఇనుముని టీలో ఉండే పాలీఫినాల్స్ పట్టుకుని వదలవు. అలా ముడిపడిన ఇనుము పేగు గోడ దాటి రక్తంలోకి రాలేక బయటికి పోతుంది. మాత్రలోని ఇనుముకీ ఇదే గతి. టిఫినవగానే మాత్ర, మాత్రవగానే టీ అంటే, కొన్న మందులో చాలా భాగం వృథా చేసినట్టే. చేప, మాంసంలోని ఇనుముకి ఈ బెడద బాగా తక్కువ. మన తీరంలో చేప తినేవాళ్లకి అదొక వెసులుబాటు.

తిన్న గంటకి తాగితే ఈ నష్టం బాగా తగ్గుతుంది, గంటన్నర ఆగితే ఇంకా మేలు. ఐరన్ మాత్రకీ టీకీ మధ్య రెండు గంటలు పెట్టుకోండి. థైరాయిడ్ మాత్రకీ ఐరన్ మాత్రకీ మధ్య నాలుగు గంటలు ఉండాలి. ఇది టీతో సంబంధం లేని నియమం, చాలామందికి ఎవరూ చెప్పరు. మీరు టిఫిన్ తర్వాత వేసుకుంటున్నారంటే ఆ నాలుగు గంటలు నిండుతున్నాయో లేదో చూసుకోండి.

మీ రోజుని ఇలా సర్దుకోవచ్చు. పొద్దున 5:30కి థైరాయిడ్ మాత్ర, ఒక గ్లాసు నీళ్లతో. కాసేపు నడక. 8 గంటలకి టిఫిన్. 9:30, 10 మధ్య మొదటి కప్పు గ్రీన్ టీ. 12 గంటలకి ఐరన్ మాత్ర, నిమ్మరసం పిండిన నీళ్లతో. నిమ్మలోని విటమిన్ సి ఇనుము ఒంటపట్టడానికి సాయం చేస్తుంది. ఒంటిగంటకి భోజనం. 3:30కి రెండో కప్పు. ఖాళీ కడుపున ఐరన్ వేసుకుంటే మీకు వికారంగా ఉంటుందనుకుంటే భోజనం అయిన వెంటనే వేసుకోండి, అప్పుడు టీని 4 గంటలకి జరపండి. అక్కడితో ఆ రోజుకి టీ చాలు.

ఐదారు గ్లాసుల నుంచి రెండు కప్పులకి దిగమంటున్నామేమిటని మీకు అనిపించవచ్చు. మీ కడుపు మంటకీ, నిద్రలేమికీ సమాధానం చాలావరకు అందులోనే ఉంది. ఒక కప్పు గ్రీన్ టీలో సుమారు 30 మిల్లీగ్రాముల కెఫీన్ ఉంటుంది. కాఫీలో ఉండేదాంట్లో ఇది మూడో వంతే కాబట్టి చాలామంది కెఫీన్ లేదనే అనుకుంటారు. పెద్ద గ్లాసుతో, ఆకుని మరగబెట్టి, ఆరుసార్లు తాగితే అది రెండు కాఫీలు దాటిపోతుంది. ఒంట్లో చేరిన కెఫీన్‌లో సగం కరగడానికే మామూలుగా ఐదు గంటలు పడుతుంది. రాత్రి ఏడింటికి తాగిన టీలో సగం కెఫీన్ మీరు పన్నెండింటికి పక్క మీద దొర్లుతున్నప్పుడు ఇంకా పనిచేస్తూనే ఉంటుంది. ఇక మంట సంగతి. పరగడుపున తాగే చిక్కటి గ్రీన్ టీ కడుపులో ఆమ్లం పెంచుతుంది, కొందరికి వాంతి వచ్చేలా తిప్పుతుంది కూడా. టిఫిన్ తర్వాతకి మార్చిన వారం పది రోజుల్లో మంట తగ్గకపోతే అది టీ వల్ల కాదు, డాక్టరుకి చూపించుకోవాలి.

ఇప్పుడు కాచే పద్ధతి. దీని మీద కాస్త ఎక్కువే చెబుతాం, ఎందుకంటే మీ తేనె ఖర్చంతా ఇక్కడే మొదలైంది.

గ్రీన్ టీ, మామూలు టీ ఒకే మొక్క ఆకులు. కోశాక ఆకుని నలిపి గాలికి వదిలితే అందులోని ఎంజైములు పనిచేసి, ఆకు నల్లబడి, మన టీ పొడి అవుతుంది. కోసిన వెంటనే ఆవిరి పట్టో, బాణలిలో వేయించో ఆ ఎంజైముల్ని ఆపేస్తే పచ్చగా మిగిలేది గ్రీన్ టీ. అలా ఆపడం వల్ల అందులో కాటెచిన్లు అనే పదార్థాలు మారిపోకుండా మిగులుతాయి. గ్రీన్ టీ గురించి చెప్పుకునే గుణాలన్నిటికీ మూలం అవే, చేదుకీ వగరుకీ మూలం కూడా అవే. నీళ్లు ఎంత వేడిగా ఉంటే, ఆకు ఎంతసేపు నానితే అవి అంత ఎక్కువగా దిగుతాయి. మన పాల టీ కాచినట్టు ఆకుని మరిగిస్తే చేదు ఒక్కసారిగా దిగిపోతుంది. కాటెచిన్లు ఎక్కువ దిగడం మంచిదే కదా అంటారేమో. లెక్కకి నిజమే. కానీ ఆ కషాయాన్ని తేనె లేకుండా ఎవరూ గుటక వేయలేరు, ఆ తేనెతో వచ్చే నష్టం ముందు ఈ కాస్త లాభం ఏపాటిది?

కావాల్సింది 80 డిగ్రీల దగ్గరి వేడి. థర్మామీటరు అక్కర్లేదు. ఒక గిన్నెలో నీళ్లు తెర్లే దాకా కాచండి. మూడు పాళ్లు ఆ మరుగుతున్న నీళ్లకి ఒక పాలు కుండ నీళ్లో, బిందె నీళ్లో కలపండి. మన విశాఖలో మామూలు నీళ్లు 30 డిగ్రీల దగ్గర ఉంటాయి కాబట్టి కలిపాక 82 డిగ్రీలు వస్తుంది. కప్పులో పోసేసరికి ఇంకో రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది, మనకి కావాల్సింది సరిగ్గా అదే. ఫ్రిజ్ నీళ్లు మాత్రం కలపొద్దు, లెక్క తప్పుతుంది.

కప్పుకి 150 మిల్లీలీటర్ల నీళ్లు, 2 గ్రాముల ఆకు. సన్నగా చుట్టిన ఆకైతే చిన్న చెంచాడు తలకొట్టి, విచ్చుకున్న పెద్ద ఆకైతే గోపురంలా నిండుగా. ముందు ఆకు వేసి, పైన నీళ్లు పోసి, మూత పెట్టి రెండు నిమిషాలు ఉంచండి. మూడో నిమిషం దాటనివ్వద్దు. వెంటనే వేరే కప్పులోకి వడకట్టేయండి, ఆకు నీళ్లలోనే ఉండిపోతే తాగుతున్నంతసేపూ చేదు దిగుతూనే ఉంటుంది. టీ బ్యాగు అయినా అంతే. చాలామంది దాన్ని కప్పులోనే వదిలేసి, చివర్లో చెంచాతో అదిమి పిండుతారు, ఆ ఆఖరి చుక్కల్లోనే వగరంతా ఉంటుంది. సరిగ్గా దిగిన గ్రీన్ టీ లేత పసుపులో, కాస్త పచ్చ ఛాయతో, అడుగు కనిపించేలా ఉండాలి. గోధుమ రంగు వచ్చిందంటే నీళ్లైనా మరీ వేడిగా ఉన్నట్టు, ఆకైనా పాతబడినట్టు.

మూడో కారణం కూడా ఒకటుంది, నీళ్లు. నగరంలో చాలా అపార్ట్‌మెంట్లలో బోరు నీళ్లు వాడతారు, అవి తరచూ ఉప్పగా, గట్టిగా ఉంటాయి. వాటితో కాస్తే టీ మసకబారుతుంది, పైన నూనె తెట్టులా మెరిసే పొర కడుతుంది. మీ టీలో అది కనిపిస్తే ఆకుని తప్పుపట్టకండి. తాగే నీళ్లతో, ఫిల్టరు నీళ్లతో ఒకసారి కాచి చూడండి, రంగులోనే తేడా తెలుస్తుంది.

వడకట్టాక వెంటనే నోట పెట్టుకోకుండా నాలుగైదు నిమిషాలు ఆగండి. 65 డిగ్రీలు దాటిన పానీయాలు, అవి ఏవైనా సరే, అన్నవాహికకి క్యాన్సర్ ముప్పు తెచ్చే అవకాశం ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2016లో వర్గీకరించింది. పెదవి కాలేంత వేడిగా తాగే అలవాటు మనవాళ్లలో చాలామందికి ఉంది, మానుకోవాలి.

పాలు కలపొద్దు, రుచి పాడవుతుంది. నాలుగు చుక్కల నిమ్మరసం మంచిది. వగరు తగ్గిస్తుంది, జీర్ణమయ్యేటప్పుడు కాటెచిన్లు త్వరగా విరిగిపోకుండా ఆపుతుందని ప్రయోగశాల పరీక్షల్లో కనిపించింది. ఎండాకాలం ఉక్కలో వేడి టీ సహించకపోతే, రాత్రి అర లీటరు మంచినీళ్లలో 5 గ్రాముల ఆకు వేసి ఫ్రిజ్‌లో పెట్టి, పొద్దున వడకట్టండి. చల్లటి నీళ్లలో చేదు, కెఫీన్ రెండూ తక్కువే దిగుతాయి. తియ్యదనం లేకుండానే తాగగలరు. ఆ రోజుకి మీ రెండు కప్పుల బదులు అదే.

ఇక తేనె. చిన్న చెంచాడు తేనెలో 20 కేలరీలకి పైనే ఉంటాయి. గ్లాసుకి రెండు చెంచాలు, ఆరు గ్లాసులు, మొత్తం 12 చెంచాలు, 250 కేలరీలు. నాలుగైదు ఇడ్లీలు తిన్నంత. పాల టీ రోజుకి మూడుసార్లు తాగినప్పుడు మీరు వేసుకున్న పంచదార కూడా బహుశా ఇంత ఉండదు. తేనె సహజమైనది కాబట్టి లావు చేయదని అనుకోవడం పొరపాటు, ఒంట్లోకి వెళ్లాక అది కూడా చక్కెరే. మీరు కిలో కూడా తగ్గకపోవడానికి మాకు కనిపిస్తున్న మొదటి కారణం ఇదే, రెండోది థైరాయిడ్ మాత్ర. తేనె ఒక్కసారిగా మానలేకపోతే ఈ వారం గ్లాసుకి ఒక చెంచా, వచ్చే వారం అర చెంచా, ఆ పై వారం నిమ్మచుక్కలతో సరిపెట్టుకోండి. 80 డిగ్రీల నీళ్లతో కాస్తే అది పెద్ద కష్టమనిపించదు.

మరి గ్రీన్ టీ తనంతట తాను కొవ్వు కరిగించదా? కరిగించేది చాలా స్వల్పం. బరువు మీద జరిగిన పరీక్షలన్నిటినీ కలిపి చూస్తూ కొక్రేన్ అనే అంతర్జాతీయ వైద్య పరిశోధకుల సంస్థ చేసిన సమీక్ష 2012లో వచ్చింది. జపాన్ బయట జరిగిన పరీక్షల్లో సగటున తగ్గింది 0.04 కిలోలు, అంటే 40 గ్రాములు. ఒక గుక్క నీళ్ల బరువు. కాబట్టి పొట్ట తగ్గుతుందన్న ఆశతో తాగవద్దు. పంచదార, పాలు ఉన్న మూడు టీల స్థానంలో ఏమీ కలపని రెండు కప్పులు వచ్చాయనుకోండి, రోజుకి 200 కేలరీల దాకా మిగులుతాయి. బరువు విషయంలో గ్రీన్ టీ చేసే అసలు ఉపకారం అది.

గుండె విషయంలో సమాచారం ఇంకాస్త బాగుంది. జపాన్‌లో ఒసాకి అనే ప్రాంతంలో 40,530 మందిని 1995 నుంచి గమనించిన అధ్యయనం 2006లో అచ్చయింది. రోజుకి 5 కప్పులు, అంతకు మించి తాగేవాళ్లలో గుండె, రక్తనాళాల జబ్బులతో పోయినవాళ్లు, ఒక కప్పు కూడా తాగనివాళ్లతో పోలిస్తే 26 శాతం తక్కువ. అన్ని రకాల మరణాలూ కలిపి చూస్తే 16 శాతం తక్కువ. క్యాన్సర్ మరణాల్లో తేడా కనిపించలేదు. 5 కప్పులంటే మన గ్లాసులు కావు, జపాన్ కప్పు 100 మిల్లీలీటర్లే. అంటే మేం చెప్పిన రెండు కప్పులు వాళ్ల మూడు కప్పులతో సమానం. పైగా అక్కడివాళ్ల తిండి వేరు, అందులో చేప, సముద్రపు నాచు ఎక్కువ. ఆ 26 శాతమంతా టీ ఖాతాలో వేయలేం. నేరుగా కొలిచిన పరీక్షల్ని కలిపి చూస్తే చెడ్డ కొలెస్ట్రాల్ డెసీలీటరుకి రెండు మిల్లీగ్రాములు, పై బీపీ రెండు పాయింట్లు తగ్గుతున్నాయి. పరగడుపు షుగర్ కూడా ఒకటి రెండు మిల్లీగ్రాములే. మూడు నెలల సగటు షుగర్‌లో తేడా కనిపించలేదు. ఇవి మంచి వైపు అడుగులే, మందు మానేసేంత పెద్దవి కావు. షుగర్ మాత్ర, కొలెస్ట్రాల్ మాత్ర బదులు గ్రీన్ టీ తాగండని ఎవరైనా చెబితే నమ్మకండి.

మీ వారు తాగొచ్చు, రోజుకి రెండు కప్పులు, భోజనానికి ఎడంగా. ఒక్కటి చూడండి, ఆయన మాత్ర అట్ట మీద నాడొలాల్ అని ఉంటే మాత్రం వద్దు. గ్రీన్ టీతో ఆ మందు రక్తంలోకి చేరడం 85 శాతం దాకా పడిపోయిందని 2014లో వచ్చిన ఒక జపాన్ పరీక్షలో తేలింది. నాడొలాల్ ఇక్కడ తక్కువగానే రాస్తారు, అయినా అట్ట చూడటానికి క్షణం చాలు. రక్తం పలచబరిచే వార్ఫరిన్, ఎసినోకౌమరాల్ లాంటి మందులు వాడేవాళ్లు డాక్టరుకి చెప్పి, రోజూ ఒకే కొలతలో తాగాలి. ఒక వారం ఆరు కప్పులు, ఇంకో వారం మానేయడం చేయకూడదు. గర్భిణులకి కాఫీ, టీ, కూల్ డ్రింకులు అన్నీ కలిపి రోజుకి కెఫీన్ 200 మిల్లీగ్రాములు దాటకూడదు. వాళ్లూ ఐరన్ మాత్రలు వేసుకుంటారు కాబట్టి పైన చెప్పిన ఎడం వాళ్లకి మరీ ముఖ్యం.

క్యాప్సూల్స్ జోలికి వెళ్లకండమ్మా. ఇది గట్టిగా చెబుతున్నాం. ఒక కప్పు టీలో ముఖ్యమైన కాటెచిన్, దాన్ని ఈజీసీజీ అంటారు, కొన్ని పదుల మిల్లీగ్రాములే ఉంటుంది. క్యాప్సూల్‌లో దాన్ని పిండి వందల మిల్లీగ్రాములు నింపుతారు. రోజుకి 800 మిల్లీగ్రాములు, అంతకు మించి తీసుకున్నవాళ్లలో కాలేయం దెబ్బతింటున్నట్టు చెప్పే ఎంజైములు రక్తంలో పెరుగుతున్నాయని యూరప్ ఆహార భద్రతా సంస్థ 2018లో తేల్చింది. మామూలుగా కాచుకుని తాగే టీకి ఈ ముప్పు లేదని కూడా ఆ సంస్థే చెప్పింది. బరువు తగ్గాలని పస్తులుంటూ ఈ క్యాప్సూల్స్ మింగితే ప్రమాదం ఇంకా ఎక్కువ, ఖాళీ కడుపున అది రక్తంలోకి బాగా చేరుతుంది. మీ పక్కింటావిడ వాడుతుంటే ఆవిడకీ చెప్పండి. మూత్రం ముదురు పసుపుగా రావడం, కళ్లు పచ్చబడటం, కుడి డొక్కలో నొప్పి, తిండి సహించకపోవడం, వీటిలో ఏది కనిపించినా క్యాప్సూల్స్ ఆపి అదే రోజు డాక్టరు దగ్గరికి వెళ్లాలి. "స్లిమ్మింగ్ టీ", "డిటాక్స్ టీ" అని వచ్చే పొట్లాల మీద పదార్థాల జాబితా చదవండి. సునాముఖి ఆకు ఉంటే కొనకండి. అది విరేచనకారి. నీళ్లు పోయి తూకంలో బరువు తగ్గినట్టు కనిపిస్తుంది, కొవ్వు అలాగే ఉంటుంది, పొటాషియం పడిపోయి కాళ్లు పీకుతాయి.

మీ అమ్మాయి పంపిన డబ్బా తెరిచి మూడు నెలలైంది కదా. మన సముద్రపు గాలికి ఆకు త్వరగా మెత్తబడుతుంది. ఒక ఆకు తీసి వేళ్ల మధ్య నలపండి. పెళుసుగా విరిగి, గడ్డి కోసినప్పటి పచ్చి వాసన వస్తే ఇంకా బాగుంది. విరగకుండా వంగితే, ఎండుగడ్డి వాసనో అట్టపెట్టె వాసనో వస్తే సారం పోయినట్టే, ఎంత జాగ్రత్తగా కాచినా రుచి రాదు. ఈసారి 100 గ్రాములకి మించి కొనకండి. రోజుకి 4 గ్రాముల చొప్పున మీ ఒక్కరికీ అది 25 రోజులు వస్తుంది, మీ వారూ తాగితే రెండు వారాలు కాకుండా ముందే అయిపోతుంది. వెలుతురు చొరబడని బిగుతు మూత స్టీలు డబ్బాలో పోసి, పొయ్యి గట్టుకి దూరంగా పెట్టండి, పోపుల డబ్బా పక్కన అసలే వద్దు, ఇంగువ వాసన పట్టేస్తుంది. ఫ్రిజ్‌లో పెడితే తీసిన ప్రతిసారీ డబ్బా లోపల చెమ్మ చేరుతుంది. తీసే చెంచా పొడిగా ఉండాలి.

రెండు నెలల తర్వాత టీఎస్‌హెచ్‌తో పాటు హిమోగ్లోబిన్ కూడా చూపించుకోండి. ఎడం పాటించి మాత్రలు వేసుకున్నా 9.8 నుంచి కదలకపోతే రక్తం ఎక్కడైనా పోతోందేమో చూడాలి. నెలసరి ఎక్కువగా అవుతోందా, మలం నల్లగా వస్తోందా, మొలలున్నాయా అని డాక్టరు అడుగుతారు, మొహమాటపడకుండా చెప్పండి.